చివరి మైక్రాన్ దగ్గర మోటారు ఎందుకు ఊగుతుంది?

ప్రశ్న: మా ల్యాబ్‌లో అల్ట్రాసోనిక్ లీనియర్ మోటారుతో నడిచే స్టేజ్ (వస్తువును కచ్చితంగా జరిపే బల్ల) ఉంది. స్థానం కొలిచే ఎన్‌కోడర్ 0.1 మైక్రాన్‌ది. లక్ష్యం దాకా చక్కగా వెళ్తుంది, చేరాక అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. కంట్రోలర్ గెయిన్ (ఎంత గట్టిగా స్పందించాలో చెప్పే అంకె) తగ్గిస్తే ముందే ఆగిపోతోంది. మధ్యాహ్నమైతే మరీ ఎక్కువ. ఏం చెయ్యాలి?
– ఇంజినీరింగ్ విద్యార్థి, ఒంగోలు

జవాబు: గెయిన్లతో కుస్తీ మానండి, చిక్కు రాపిడిలో ఉంది. పీజో (వోల్టేజీ ఇస్తే కంపించే ముక్క) కొన అతి వేగంగా చిన్న దీర్ఘవృత్తం గీస్తూ సిరామిక్ పట్టీని నెడుతుంది. మోటారుకిచ్చే కమాండ్ ఒక హద్దు దాటేదాకా పట్టీ కదలదు, అదే డెడ్ జోన్. అందులో ఉన్నంతసేపూ కంట్రోలర్‌లో ఇంటిగ్రల్ (మిగిలిన దూరాన్ని కూడబెట్టే భాగం) పోగవుతుంది, పట్టు వదలగానే స్టేజ్ లక్ష్యం దాటిపోతుంది. వెనక్కొచ్చేటప్పుడూ అదే తంతు.

ముందు డెడ్ జోన్ కొలవండి. ఫీడ్‌బ్యాక్ తీసేసి, కమాండ్‌ని సున్నా నుంచి 0.1 శాతం చొప్పున పెంచుతూ ఎన్‌కోడర్ అంకె ఎక్కడ కదిలిందో రాసుకోండి. పట్టీ పొడవునా ఐదు చోట్ల, రెండు దిక్కులా. రెండు దిక్కుల అంకెలూ సాధారణంగా కలవవు, సగటు తీయకండి. ఒక్కో దిక్కులో అన్నిటికన్నా చిన్న అంకెలో 80 శాతం ఆ దిక్కు కమాండ్‌కి కలపండి. మొత్తం కలిపితే లక్ష్యం దగ్గర తుళ్లుతుంది.

లోపం (లక్ష్యానికి మిగిలిన దూరం) 0.2 మైక్రాన్ లోపలికి రాగానే డ్రైవ్ ఆపి, ఇంటిగ్రల్ సున్నా చేయండి. కరెంటు లేకున్నా రాపిడే స్టేజ్‌ని పట్టి ఉంచుతుంది, ఈ మోటారుతో ఉన్న సుఖమే అది. 0.5 దాటితేనే మళ్లీ ఆన్ కావాలి. రెండు హద్దులూ ఒకటే పెట్టారో, ఊగడం మళ్లీ మొదలు.

మధ్యాహ్నం సంగతి: వేడెక్కితే పీజో అనునాద పౌనఃపున్యం (అది అన్నిటికన్నా బాగా ఊగే చోటు) తగ్గుతుంది. డ్రైవర్ పొద్దుటి పౌనఃపున్యాన్నే ఇస్తుంటే కొన ఊపు చిన్నదై డెడ్ జోన్ పెరుగుతుంది. ఏసీ లేని గదిలో, రోహిణి కార్తెలో సరేసరి. వోల్టేజీ, కరెంటుల మధ్య ఫేజ్ చూసి సర్దుకునే సదుపాయం డ్రైవర్‌లో ఉంటే ఆన్ చేయండి. లేదంటే 20 నిమిషాలు నడిపి, పౌనఃపున్యాన్ని మారుస్తూ స్వీప్ చేసి కొత్త అనునాదం పట్టుకుని, ఆ పౌనఃపున్యం దగ్గరే డెడ్ జోన్ కొలవండి.

ప్రశ్న: ఇలాంటి మోటారు పట్టీకి కాస్త గ్రీజు రాస్తే కీచుమనడం తగ్గుతుందా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: పొరపాటున కూడా రాయకండి. రాపిడి పోతే నెట్టేదేదీ ఉండదు. ఒక్కోసారి గైడ్ పట్టాల గ్రీజే పాకి వస్తుంది. నూగు రాలని గుడ్డను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి ఒకే దిక్కుగా తుడవండి, పూర్తిగా ఆరాకే నడపండి. వేలు తగలనివ్వకండి. మీది సముద్రపు గాలి ఊరు, రాత్రి పట్టిన తేమకి పొద్దున మొదటి కదలికలు జారొచ్చు. పని మొదలుపెట్టేముందు ఈ చివర నుంచి ఆ చివరకి పదిహేనుసార్లు నడపండి. జారుతోంది కదా అని ప్రీలోడ్ స్క్రూ (కొనను పట్టీకి అదిమేది) మాత్రం బిగించకండి, డెడ్ జోన్ పెరిగి కొన అరిగిపోతుంది.