పాట బాగుంది, ఆ గాండ్రింపుతోనే పేచీ

ప్రశ్న: నేను ప్రోగ్రెసివ్ రాక్ చాలా ఏళ్ళుగా వింటున్నానండి. ఈమధ్య ఒక ఫ్రెండ్ ఓపెత్ బ్యాండ్ వాళ్ళ బ్లాక్‌వాటర్ పార్క్ ఆల్బమ్ పంపాడు. గిటార్లు, ఆ అకూస్టిక్ ముక్కలు, డ్రమ్స్, మామూలు గొంతుతో పాడే చోట్లు అన్నీ తెగ నచ్చేశాయి. కానీ మధ్యలో గ్రౌల్, అదే ఆ గాండ్రించినట్టు పాడటం, మొదలవగానే ఎవరో నోట్లో గులకరాళ్ళు పోసుకుని పుక్కిలిస్తున్నట్టుంటుంది, వెంటనే చెయ్యి ఫార్వర్డ్ బటన్ మీదకి పోతుంది. మావాడికి చెప్తే "నీకింకా చెవి తయారవ్వలేదు, యాభై సార్లు విను అప్పుడు చూడు" అంటాడు. లోపం నాలోనే ఉందా? నచ్చనిదాన్ని పట్టుబట్టి నచ్చించుకోవాలా?

జవాబు: లోపం ఏమీ లేదండి. ముందుగా మీ ఫ్రెండ్ చెప్పిన ఆ యాభై సార్ల వైద్యం సంగతి చూద్దాం. కిర్రుమనే ఫ్యాన్ కింద యాభై రాత్రులు పడుకుంటే ఆ కిర్రు కూడా అలవాటైపోతుంది, తర్వాత అది లేకపోతే నిద్ర కూడా పట్టదు, అంతమాత్రాన అది సంగీతం అయిపోయిందని అనం కదా. అలవాటవడం వేరు, నచ్చడం వేరు. నేను కూడా ఇదే ఆల్బమ్ మొదటిసారి విన్నప్పుడు మొదటి పాటలోనే ఆపేశా, మళ్ళీ దాని జోలికి పోవడానికి రెండు మూడేళ్ళు పట్టింది, ఇప్పటికీ ఈ రకం బ్యాండ్లలో సగం వాటి గొంతులు నాకు ఎక్కవు. కాబట్టి భక్తుడు చెప్పే మాటల్లా కాకుండా చదవండి.

మీకెందుకు అంత చిరాకు వస్తుందో దానికి శరీరంలోనే కారణం ఉంది. మామూలుగా పాడేటప్పుడు స్వరతంతువులు లెక్కగా కొట్టుకుంటాయి, సెకనుకి 200 సార్లు అనుకోండి, దానితో పాటు 400, 600, 800 ఇలా వరసగా పై శబ్దాలు కూడా పుడతాయి, చెవి వాటన్నిటినీ కలిపేసి ఇదీ స్వరం అని టక్కున పట్టుకుంటుంది. గ్రౌల్‌లో ఆ తంతువుల పైన ఉండే ఇంకో జత మడతలు, ఫాల్స్ కార్డ్స్ అంటారు, అవి కూడా దగ్గరకొచ్చి అదురుతాయి, వాటి అదురు ఒక పద్ధతిలో ఉండదు, దాంతో స్వరం మీద గరగర కమ్మేస్తుంది. చెవికి పట్టుకోడానికి స్వరమే దొరకదు. దానికి తోడు ఇంకోటి, 2015లో కరెంట్ బయాలజీ జర్నల్‌లో మనుషుల కేకల మీద ఒక పరిశోధన వచ్చింది, కేకలో శబ్దం సెకనుకి 30 నుంచి 150 సార్లు హెచ్చుతగ్గులవుతూ గరుకుగా ఉంటుందని, మామూలు మాటల్లో ఆ గరుకు అంతగా ఉండదని, అది వినపడితే అపాయాన్ని కనిపెట్టే అమిగ్డాలా అనే మెదడు భాగం ఎక్కువ స్పందిస్తుందని తేల్చారు. వాళ్ళు చూసింది కేకలని, మెటల్ పాటల్ని కాదు, కానీ గ్రౌల్‌లో ఉన్నదీ ఆ జాతి గరుకే. అంటే మీ చెయ్యి ఫార్వర్డ్ బటన్ మీదకి పోవడం చెవి తయారవ్వక కాదు, చెవి దాని పని అది చేస్తోంది అంతే.

అయితే ఇది సగం కథే. రెండో సగం మనం గొంతు నుంచి ఏం ఆశిస్తామన్నదాంట్లో ఉంది. చిన్నప్పటి నుంచి విన్న పాటలన్నిటిలో ట్యూన్ గొంతులోనే ఉంటుంది, వెనక వాయిద్యాలు దానికి తోడు. అందుకే ఏ పాటైనా గొంతు వినపడగానే మనకి తెలియకుండానే మిగతావన్నీ వదిలేసి దాని వెంట పోతాం. గ్రౌల్‌తో పాడే డెత్ మెటల్ అనే శైలిలో ఈ ఏర్పాటు తలకిందులు. ట్యూన్ గిటార్ దగ్గరకి పోయింది, గొంతు పోయి డ్రమ్స్ పక్కన కూర్చుంది. మీరేమో గొంతు దగ్గరకెళ్ళి ట్యూన్ ఏదీ అని అడుగుతున్నారు, అక్కడ అది లేదు, ఇక చిరాకు రాక ఏమవుతుంది. నాకు ఈ సంగతి వెలిగింది ఒకసారి వేరే పని చేసుకుంటూ పరధ్యానంగా వింటున్నప్పుడు, గ్రౌల్‌లో మాట విరిగే ప్రతిచోటా కింద కిక్ డ్రమ్ కూడా పడుతోందని గమనించా, ఇద్దరూ ఒకే లెక్క వాయిస్తున్నారు, ఒకడు కాలితో, ఒకడు గొంతుతో. అప్పటి నుంచి గ్రౌల్ రాగానే నేను గొంతుని వదిలేసి బేస్ గిటార్‌నో కిక్ డ్రమ్‌నో పట్టుకుంటా, గొంతు దానంతటదే వెనక్కి జరుగుతుంది. చేసి చూడండి, రెండు మూడు సార్లు చాలు, యాభై అక్కర్లేదు. పనిచేస్తే సరి, లేకపోతే వదిలేయండి.

మీ దగ్గరున్న ఆల్బమ్‌లోనే ది డ్రేపరీ ఫాల్స్ అని దాదాపు 11 నిమిషాల పాట ఉంది, దాంతో మొదలుపెట్టండి. సుమారు సగం దాకా మామూలు గొంతే, గిటార్ అలా అలలా వస్తూ ఉంటుంది, ఆ తర్వాతే గ్రౌల్ దిగుతుంది, దిగినప్పుడు అప్పటిదాకా మనం కూర్చున్న గదిలో ఒక గోడ కూలినట్టుంటుంది. అక్కడ గ్రౌల్ లేకపోతే ఆ మలుపే లేదు. రెండు గొంతులూ మికాయెల్ ఆకర్‌ఫెల్ట్ అనే ఒక్కడివే అని తెలిశాక నాకు ఇంకాస్త గౌరవం పెరిగింది. కానీ నా గొడవ ఇక్కడే, ప్రతి బ్యాండూ ఇలా ఆలోచించి వాడదు. చాలా చోట్ల డెత్ మెటల్ కాబట్టి గ్రౌల్ ఉండాలి అన్నట్టు మొదటి సెకను నుంచి చివరి సెకను దాకా ఒకే గరగర, ఎత్తూ లేదు పల్లమూ లేదు, గిటార్ వాళ్ళు ప్రాణం పెట్టి వాయించిన 9 నిమిషాల పాట మీద ఎవరో సిమెంట్ పోసినట్టు. దాన్ని నచ్చలేదంటే అది రుచి లేకపోవడం కాదు, రుచి ఉండడమే.

ఇంకో సంగతి మీ ఫ్రెండ్‌కి చెప్పండి, ఆయన ఏమంటాడో నాకూ వినాలనుంది. డెత్ మెటల్‌కి మూలపురుషుడు అనిపించుకున్న చక్ షుల్డినర్, అదే డెత్ బ్యాండ్ పెట్టినాయన, 1987లో స్క్రీమ్ బ్లడీ గోర్‌తో ఈ శైలికి దారి వేసినాయన, 1991లో హ్యూమన్ ఆల్బమ్‌తో దాన్ని ప్రోగ్రెసివ్ వైపు తిప్పినాయన, ఆయనే చివరికి కంట్రోల్ డినైడ్ అని ఇంకో బ్యాండ్ పెట్టి పాడటానికి టిమ్ ఐమార్ అనే మామూలు గొంతు గాయకుడిని తెచ్చుకున్నాడు. ఆ ఆల్బమ్ 1999లో వచ్చింది, పేరు ది ఫ్రాజైల్ ఆర్ట్ ఆఫ్ ఎగ్జిస్టెన్స్. రిఫ్‌లు, అంటే గిటార్ మీద తిరిగి తిరిగి వచ్చే ముక్కలు, వింటే అచ్చం డెత్ బ్యాండ్‌వే, గొంతే వేరు. 2001 డిసెంబర్‌లో ఆయన పోకపోయి ఉంటే ఆ దారి ఎంత దూరం పోయేదో. గ్రౌల్‌కి అంత పేరు తెచ్చినవాడే దాన్ని పక్కన పెట్టేయగా లేనిది మీరు పక్కన పెడితే చెవి తయారవ్వలేదా?

ప్రశ్న (ఇదే పాఠకుడు): అయితే గ్రౌల్ అసలు లేకుండా ఈ రకం సంగీతం వినాలంటే ఎక్కడ వినాలి?

జవాబు: ఓపెత్‌తోనే మొదలుపెట్టండి, మీకు వాళ్ళ గిటార్లు ఎలాగూ నచ్చాయి. 2003లో వచ్చిన డామ్నేషన్ ఆల్బమ్‌లో గ్రౌల్ ఒక్కటంటే ఒక్క చోట కూడా లేదు. దీనికి జంటగా రికార్డ్ చేసిన డెలివరెన్స్ ఏమో 2002లో వచ్చింది, అది మోత మోగిపోతుంది, పొరపాటున అది పెట్టేసి నన్ను తిట్టుకోకండి. తర్వాత 2011లో హెరిటేజ్ నుంచి 2019 దాకా వరసగా నాలుగు ఆల్బమ్‌లు గ్రౌల్ లేకుండానే చేశారు. తమాషా ఏంటంటే అప్పుడు మీకు సరిగ్గా ఎదురు ఫిర్యాదు మొదలైంది, గ్రౌల్ లేని ఓపెత్ ఓపెతే కాదని పాత అభిమానులు ఏళ్ళ తరబడి దెప్పుతూనే ఉన్నారు. చివరికి 2024లో ది లాస్ట్ విల్ అండ్ టెస్టమెంట్‌లో గ్రౌల్ తిరిగొచ్చింది, 2008 తర్వాత ఆల్బమ్‌లో అదే మొదటిసారి, ఈసారి వాళ్ళకి పండగ, మీలాంటివాళ్ళకి మళ్ళీ ఫార్వర్డ్ బటన్.

గొంతే వద్దనుకుంటే డెత్ వాళ్ళ కాస్మిక్ సీ, వాయిస్ ఆఫ్ ది సోల్ ఉన్నాయి, రెండూ ఉత్త వాయిద్యాలే, రెండోదైతే మెటల్ అంటే ఇష్టం లేనివాళ్ళకి వినిపించినా కాసేపు మాట్లాడకుండా కూర్చుంటారు. సినిక్ బ్యాండ్ 1993 ఆల్బమ్ ఫోకస్ మధ్యరకం, దాంట్లో గ్రౌల్ ఉంది కానీ దాని పక్కనే వోకోడర్‌లో వేసిన రోబో గొంతు ఒకటి తేలుతూ ఉంటుంది, కొందరికి గ్రౌల్ కన్నా అదే ఎక్కువ విడ్డూరంగా అనిపిస్తుంది. ఆస్ట్రేలియా వాళ్ళు నె ఆబ్లివిస్కారిస్ అని ఉన్నారు, వయొలిన్ వాయించే ఆయన మామూలు గొంతుతో పాడతాడు, గ్రౌల్‌కి వేరే మనిషి ఉంటాడు, 2012లో వచ్చిన పోర్టల్ ఆఫ్ ఐ పెట్టుకుని వయొలిన్ వెంట పోతే గ్రౌల్ చాలామటుకు భరించొచ్చు. ముందే చెప్తున్నా, చాలామటుకే.

ప్రశ్న: అలా రోజూ అరిస్తే వాళ్ళ గొంతులు పాడైపోవా? మా అబ్బాయి కూడా గదిలో తలుపేసుకుని ప్రాక్టీస్ మొదలెట్టాడు, బయటకి వచ్చేసరికి మాట పెగలట్లేదు.

జవాబు: మాట పెగలట్లేదంటే తప్పుగా చేస్తున్నాడని అర్థం అండి, ముందు ఆపించండి, నాలుగు రోజులైనా బొంగురు తగ్గకపోతే గొంతు డాక్టర్‌కి చూపించండి. సరిగ్గా చేసేవాళ్ళు నిజానికి అరవరు. గాలి తక్కువే వాడతారు, ఫాల్స్ కార్డ్స్‌ని అదిలిస్తారు, మైక్‌ని నోటికి ఆనించి పట్టుకుంటారు, ఆ భీకరం అంతా మైక్, స్పీకర్ల పుణ్యమే చాలావరకు, పక్కన నిలబడి వింటే ఇంతేనా అనిపిస్తుంది. కానిబల్ కార్ప్స్ గాయకుడు జార్జ్ ఫిషర్ 1995లో ఆ బ్యాండ్‌లో చేరాడు, ఏళ్ళు గడిచినా అదే గొంతుతో టూర్లు చేస్తూనే వచ్చాడు. ఇదేం కొత్తగా కనిపెట్టిందీ కాదు, రష్యాలోని తువా ప్రాంతంలో కర్గిరా అని పాడే పద్ధతిలో కూడా ఆ పై మడతలే అదురుతాయి. అలాగని అందరికీ సాగుతుందనుకోకండి, కటటోనియా అనే బ్యాండ్ గాయకుడు యోనస్ రెన్‌క్సేకి గ్రౌల్ వల్ల గొంతు ఇబ్బంది పెట్టింది, 1996లో బ్రేవ్ మర్డర్ డే ఆల్బమ్‌కి గ్రౌల్ ఆకర్‌ఫెల్ట్ వచ్చి చేసిపెట్టాడు, 1998 నుంచి వాళ్ళు పూర్తిగా మామూలు గొంతుకి మారిపోయారు. నన్నడిగితే ఆ మార్పే వాళ్ళకి కలిసొచ్చింది, ఆ దిగులు గొంతు లేని కటటోనియాని ఇప్పుడు ఊహించుకోలేను. మీ అబ్బాయికి అంత సరదాగా ఉంటే నేర్పే టీచర్ దగ్గర పెట్టండి, వీడియోలు చూసి సొంతంగా వద్దు.

ప్రశ్న: మా చెల్లి ఒక వీడియో చూపించింది, పాడుతున్నది అమ్మాయి, గొంతేమో రాక్షసుడిది. అది డబ్బింగా?

జవాబు: డబ్బింగ్ కాదు. మీరు చూసింది బహుశా యుక్రెయిన్ బ్యాండ్ జింజర్ వాళ్ళ పైసీస్ పాట అయ్యుంటుంది, పాడింది టటియానా ష్మైల్యుక్, మెత్తగా మొదలుపెట్టి ఉన్నట్టుండి గాండ్రిస్తుంది. గరగర ఎక్కువయ్యేకొద్దీ ఆడా మగా అని చెప్పే స్వరం ఆనవాలు అందులో మునిగిపోతుంది, అందుకే కళ్ళు మూసుకుంటే తేడా తెలియదు. ఆర్చ్ ఎనిమీ బ్యాండ్‌లో 2000లో ఏంజెలా గోసో చేరాక కూడా ఆల్బమ్ విన్నవాళ్ళు మగవాడే అనుకున్న సందర్భాలు చాలా ఉన్నాయి. మొదటి ప్రశ్న అడిగినాయన కూడా ఈ పైసీస్ వీడియో ఒకసారి చూడాలి, వినడం కాదు, చూడాలి. మనిషి మొహం కనపడుతుంటే ఆ గొంతు మీద చిరాకు సగం తగ్గుతుంది, నాకైతే తగ్గింది.