ఏకగ్రీవమా, పోటీ లేని ఎన్నికా?

సందేహం: మా అబ్బాయి చదివే ప్రభుత్వ పాఠశాలలో యాజమాన్య కమిటీకి ఎన్నిక పెట్టారు. అయిదో తరగతి తరఫున ముగ్గురు కావలసి ఉండగా ముగ్గురే ముందుకు వచ్చారు. రిజిస్టరులో వారి పేర్ల కింద ‘ఏకగ్రీవంగా ఎన్నుకోబడినారు’ అని రాసి, వచ్చిన తల్లులందరి చేతా సంతకాలు పెట్టించారు. అమెరికాలో, టెక్సాస్‌లో ఉంటున్న మా అక్క వాళ్ల ఊళ్లో స్కూలు బోర్డుకు పోటీ లేకపోవడంతో పోలింగే రద్దు చేశారట. దానినీ మేము ఏకగ్రీవమనే చెప్పుకున్నాం. గ్రీవం అంటే మెడ అని విన్నాను. మెడకూ ఎన్నికకూ సంబంధమేమిటి? ఈ రెంటికీ ఒకే మాట వాడవచ్చా? ‘ఎన్నుకోబడినారు’ అనడం సరైనదేనా?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి, హైదరాబాద్

సమాధానం: అమ్మా, రోజూ పత్రికలో కనబడే మాట కనుక చాలామంది చదువుకుంటూ వెళ్లిపోయే చోట మీరు ఆగి ఆలోచించారు. సంతోషం. ముందుగా ఒక చిన్న సవరణ. సంస్కృతంలో అది ‘గ్రీవా’ అనే ఆకారాంత స్త్రీలింగ శబ్దం, తెలుగులో ‘గ్రీవ’. ‘ఏకగ్రీవం’ బహువ్రీహి సమాసం కనుక చివర అనుస్వారం వచ్చింది. దానిని చూసి ‘గ్రీవం’ అని విడదీసుకోవలసిన పని లేదు.

గ్రీవ అంటే మెడ అన్నది నిజమే. ఇక్కడ చాలామంది తొందరపడి, మెడలోనే గొంతు ఉంటుంది కదా, ఏకగ్రీవం అంటే ఏకకంఠం, అందరూ ఒకే గొంతుతో పలకడం అని చెప్పి ముగిస్తారు. ఆ వివరణ నాకు తృప్తినివ్వదు. అమరకోశమనే సంస్కృత నిఘంటువు రాసిన అమరసింహుడు అందులోని మనుష్యవర్గంలో శరీరావయవాలను వరుసపెట్టి చెబుతూ ‘కంఠో గలోఽథ గ్రీవాయాం శిరోధిః కంధరేత్యపి’ అన్నాడు. కంఠము, గళము ఒక జంట. ఆ తరువాత ‘అథ’ అని గీత గీసినట్టు విడదీసి గ్రీవ, శిరోధి, కంధర అనే మూడింటిని వేరొక వరుసలో పెట్టాడు. శిరోధి అంటే శిరస్సును ధరించేది. అంటే గ్రీవ పని తలను మోయడం, తిప్పడం, వంచడం. కంఠం పని పలకడం, మింగడం. మన అచ్చ తెలుగులోనూ ఈ విభాగం చెక్కుచెదరకుండా ఉంది. హారం మెడలో వేస్తాం, పాట గొంతులో పలుకుతుంది. ముద్ద గొంతు దిగదు, కాడి మెడ మీద పడుతుంది. ఈ రెంటినీ తారుమారు చేసి మాట్లాడే తెలుగువారు ఉండరు.

కార్తికమాసంలో ఏ శివాలయానికి వెళ్లినా వినబడే నమకంలో ‘నమో నీలగ్రీవాయ చ శితికంఠాయ చ’ అని ఉంది. నీలమైన గ్రీవ కలవానికి, శితియైన కంఠం కలవానికి నమస్కారం. శితి శబ్దానికి తెలుపు, నలుపు అని రెండర్థాలనూ అమరుడే చెప్పాడు కనుక ఇక్కడ ఏ రంగు గ్రహించాలన్న చర్చ వేరే ఉన్నది. దానిలోకి పోను. గ్రీవ, కంఠము ఒకే వస్తువైతే పక్కపక్కనే ‘చ’కారంతో కలిపి రెండు పేర్లుగా చెప్పవలసిన అవసరం లేదన్నంత వరకే నా మాట.

ఇక్కడ పోతనగారిని తలవకుండా ముందుకు పోలేను. ఆయన భాగవతం అష్టమస్కంధంలో హాలాహలం పుట్టినప్పుడు, తన ఉదరం లోకాలకు ఇల్లు అని ఎరిగిన శివుడు ఆ చటుల విషాగ్నిని లోపలికి పోనివ్వక ‘గంఠబిలమున బదిలంబుగ నిలిపె సూక్ష్మఫలరసము క్రియన్’ అన్నాడాయన. ఏదో చిన్న పండు రసాన్ని గొంతులో ఆపుకొన్నంత తేలికగా నిలిపాడట. ఆ ‘కంఠబిలము’ అన్న మాట చూడండి. బిలం అంటే లోపల ఖాళీ ఉన్న చోటు. మింగినది నిలవడానికి చోటు కావాలి, ఆ చోటు కంఠంలో ఉంది, గ్రీవలో లేదు. ‘గ్రీవాబిలము’ అని ఉంటే పద్యం కూలిపోయేది. అదే ఘట్టంలో, మింగేవాడు తన భర్త అనీ, మింగేది గరళమనీ తెలిసి కూడా మింగుమన్న సర్వమంగళ తన మంగళసూత్రాన్ని ఎంతగా నమ్మిందో అని ఆయన ఆశ్చర్యపోతాడు. విషం భర్త గొంతులో, నమ్మకం భార్య మెడలో. ఈ రెండో మాట కవి నోట చెప్పలేదు, నేను చదువుకొన్న తీరు అది. బమ్మెరలో పుట్టిన ఆ కవికి ఏ అవయవం పేరు ఎక్కడ పడాలో తెలిసినంతగా ఈనాడు మైకు ముందు నిలబడినవారికి తెలిస్తే ఎంత బాగుండేదో!

న్యాయంగా ఎదుటి పక్షం కూడా చెప్పాలి. మెడనగకు ‘గ్రైవేయకం కంఠభూషా’ అని గ్రీవనూ కంఠాన్నీ కలిపినవాడూ అమరుడే. వాల్మీకి రావణుణ్ణి దశగ్రీవుడంటే మనం దశకంఠుడంటాం, ఎవరూ తప్పు పట్టరు. అందుచేత ఏకగ్రీవానికి ఏకకంఠమని అర్థం చెప్పేవారిని కాదనడానికి నాకు పూర్తి అధికారం లేదు. అయినా నా మొగ్గు మొదటి వైపే. సభలో ఒక ప్రతిపాదన పెట్టి ‘సమ్మతమేనా?’ అని అడిగినప్పుడు అందరూ నోరు విప్పరు, తలలూపుతారు. ఎన్ని తలలున్నా వాటిని మోసే మెడ ఒకటే అన్నట్టు కదలడమే ఏకగ్రీవం అని నేననుకొంటాను.

కంఠం ప్రసక్తి వచ్చింది కనుక ‘ముక్తకంఠం’ సంగతీ చెప్పాలి. ‘అన్ని పక్షాలూ ముక్తకంఠంతో ఖండించాయి’ అని రాస్తున్నారు, అందరూ ఒక్కటై అన్న అర్థంలో. ముక్తకంఠం అంటే విప్పిన గొంతు, బిగ్గరగా, దాపరికం లేకుండా అని అర్థం. ఒంటరిగా ఉన్నవాడు కూడా ముక్తకంఠంతో ఏడవవచ్చు. పదిమంది అక్కరలేదు.

ఇక మీ అసలు ప్రశ్న. మెడ సంగతి ఏ పక్షం వైపు తేలినా, ఏకగ్రీవానికి అడిగేవారూ తలూపేవారూ ఉండి తీరాలి. పోటీ లేకపోవడానికి ఇద్దరూ అక్కరలేదు. మన చుట్టూ ఉన్న భాషలు ఈ భేదాన్ని జాగ్రత్తగా కాపాడుకొంటున్నాయి. మన నగరంలోనే ఉర్దూవారు అందరి అంగీకారాన్ని ‘ముత్తఫిఖా’ అంటారు. పోటీ లేకుండా గెలిస్తే ‘బిలా ముఖాబలా’ అంటారు. కన్నడిగులకు ‘సర్వానుమత’ వేరు, ‘అవిరోధ’ వేరు. తమిళంలో ఒకే మనసుతో జరిగినది ‘ఒరుమనదాగ’, పోటీ లేకుండా జరిగినది ‘పోట్టియిండ్రి’. మరాఠీవారు ‘బిన్‌విరోధ్’ అంటారు, హిందీవారు ‘నిర్విరోధ్’ అంటారు. మనం మాత్రం రెంటినీ ఒకే సంచిలో వేసి ‘ఏకగ్రీవం’ అని మూతి కట్టాం. దానితో ఊరంతా కూర్చుని మాట్లాడుకొని ఒక్కరిని నిలబెట్టినదీ, నామినేషన్ వేయడానికి ఎవరికీ ఆసక్తి లేక మిగిలినదీ, వేయబోయినవారిని బెదిరించి వెనక్కి పంపినదీ కాగితం మీద ఒక్కటే అయిపోయాయి. ఈ మూడూ ఒకటి కావు. భాష ఈ తేడా చెప్పలేని స్థితికి రావడం నాకు బాధ కలిగిస్తుంది. పైగా ఈ మధ్య ‘ఏకగ్రీవాలు’ అని బహువచనం చేసి లెక్కపెడుతున్నారు, ‘ఆ పంచాయతీ ఏకగ్రీవమైంది’ అంటున్నారు. అభిప్రాయం ఏకగ్రీవం కావచ్చు, తీర్మానం కావచ్చు. పంచాయతీ ఏకగ్రీవం కావడమేమిటి?

టెక్సాస్ చట్టం ప్రకారం, బరిలో ఉన్న అభ్యర్థులెవరికీ పోటీ లేకపోతే ఆ బోర్డు పోలింగును రద్దు చేసి వారు ఎన్నికైనట్టు ప్రకటించవచ్చు. అక్కడ ఓటరును ఎవరూ ఏమీ అడగలేదు. మీ అక్కగారి ఊరిది పోటీ లేని ఎన్నిక, ఏకగ్రీవం కాదు. కెనడాలో ఇటువంటి సందర్భంలోనే పాఠశాల ట్రస్టీలు ‘అక్లమేషన్’ చేత ఎన్నికయ్యారంటారు. ఆ లాటిన్ మాటకు మూలార్థం జయజయధ్వానం, కేక వేసి ఒప్పుకోవడం. అక్కడా కేక వేసినవారు లేరు, మాట మాత్రం మిగిలింది. మన ఒక్కరిదే ఈ పొరపాటు కాదని చెప్పడానికే ఇది ప్రస్తావించాను, దానిని సమర్థించడానికి కాదు.

మీ పాఠశాల సంగతి వేరు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది పిల్లల తల్లిదండ్రులు లేదా సంరక్షకులు ఉండాలి, సభ్యులలో సగం మంది స్త్రీలు కావాలి. తల్లిదండ్రులు ఒకచోట చేరి ఎన్నుకొనే కమిటీ ఇది. కనుక మీ అయిదో తరగతి సమావేశంలో ఆ ముగ్గురి పేర్లూ చదివి, ‘వీరు మీకు సమ్మతమేనా?’ అని అడిగి, వచ్చినవారందరూ చేతులెత్తి ఉంటే ‘ఏకగ్రీవంగా’ అన్న మాట నూరుపాళ్లూ తగినదే. ముగ్గురే వచ్చారు కదా అని పేర్లు రాసుకొని సంతకాలు మాత్రం తీసుకొని ఉంటే, ‘పోటీ లేకుండా ఎన్నికయ్యారు’ అని రాయడం మేలు. ఏది జరిగిందో అక్కడున్న మీకే తెలుసు. అయితే రెండో సందర్భంలోనూ ‘ఏకగ్రీవం’ వాడుకలో పాతుకుపోయింది, ప్రభుత్వ ప్రకటనల్లోనూ అదే ఉంది. కనుక తప్పు అని కొట్టివేయలేను. వాడకపోతే బాగుంటుందనే వరకే చెప్పగలను.

‘ఎన్నుకోబడినారు’ గురించి ఒక్క ముక్క. కర్మణి ప్రయోగం తెలుగు నోటికి ఇమడదు. ‘ఎన్నికయ్యారు’ అనే చక్కని మాట ఉండగా, ‘బడు’ను లాక్కువచ్చి తగిలించవలసిన అవసరం రిజిస్టరుకైనా లేదు.