పొరల గురించి రాసేటప్పుడు: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

చిట్టెలుక పిండంలో అవయవాలు రూపు దిద్దుకునే తీరుపై నువ్వు పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. శ్రద్ధగా రాశావు. అయితే మొదటి పేజీ అంతా పిండపు వెలుపలి పొర అయిన బహిస్త్వచం నుంచి నాడీమండలం, నడిమి పొర అయిన మధ్యస్త్వచం నుంచి కండరాలు అంటూ ఇంటర్ జువాలజీ పట్టికలా నడిచింది. ఆ పట్టిక తప్పు కాదు. కాకపోతే అవయవానికి ఆకారం ఎలా వస్తుందన్న ప్రశ్నకు అందులో జవాబు దొరకదు. మూత్రపిండాన్నే చూడు. మొగ్గలా పొడుచుకొచ్చే నాళమూ, దాని చుట్టూ గుమిగూడే వదులు కణజాలమూ రెండూ మధ్యస్త్వచం బిడ్డలే. అక్కడ లెక్కకొచ్చేది కణాలు అతుక్కుని పలకలా ఉన్నాయా, చెదిరి వదులుగా ఉన్నాయా అన్నదే. మొదటిది ఎపిథీలియం, రెండోది మీసెంకైమ్. (ఎపిథీలియంకు ‘ఉపకళ’ అన్న మాట ఉంది గాని, సామాన్య పాఠకుడు దాన్ని లలితకళల్లో వెతుక్కుంటాడని నేను వాడడం మానేశాను.)

1950లలో జీవశాస్త్రవేత్త క్లిఫర్డ్ గ్రోబ్‌స్టీన్ ఈ రెండింటినీ విడదీసి పెంచినప్పుడు నాళం కొమ్మలు వేయలేదు, మీసెంకైమ్‌లో సూక్ష్మనాళికలూ ఏర్పడలేదు. మళ్లీ చేరువ చేస్తే రెండు పనులూ సాగాయి. మీసెంకైమ్ నుంచి వెలువడే జీడీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్ లేని చిట్టెలుకలకు మూత్రపిండాలే ఏర్పడవని 1996లో తేలింది.

ఇవి చదివే కాబోలు, ‘మీసెంకైమ్ ఆజ్ఞాపిస్తుంది, ఎపిథీలియం శిరసావహిస్తుంది’ అని రాశావు. వినసొంపుగా ఉంది, చిక్కంతా అక్కడే ఉంది. తొలిరోజుల్లో నేనూ ఇలాంటి వాక్యమే రాసి, ఒక అధ్యాపకుడి చేత చీవాట్లు తిన్నాను. 1976లో సకకురా బృందం పాలగ్రంథి ఎపిథీలియంను లాలాజల గ్రంథి మీసెంకైమ్‌తో జతచేసి ఎదిగిన చిట్టెలుకలో నాటితే, అది లాలాజల గ్రంథిలాగే కొమ్మలు వేసింది; కానీ ఆతిథ్యమిచ్చిన చిట్టెలుక పాలిచ్చే దశకు వచ్చేసరికి ఆ కణాలు పాల ప్రోటీన్‌నే తయారుచేశాయి. రూపం మెట్టినింటిది, పని పుట్టినింటిది.

పంటి సంగతి ఇంకా తమాషా. చిట్టెలుక పిండం వయసు సుమారు పదకొండో రోజు వరకు పన్ను మొలిపించే శక్తి దవడ ఎపిథీలియంకు ఉంటుంది; దాన్ని పిండంలో దవడకు పక్కనే ఉండే మరో వంపు (చాపం) మీసెంకైమ్‌తో కలిపినా పన్ను వస్తుందని 1987లో మీనా, కొల్లార్ అనే పరిశోధకులు చూపారు. పన్నెండో రోజు దాటాక ఆ శక్తి మీసెంకైమ్‌కు చేరిపోతుంది, అప్పుడు దానికి పాదం మీది ఎపిథీలియంను తొడిగినా మొలిచేది పన్నే. మరి ఎవరి ఆజ్ఞ, ఎవరి శిరస్సు?

కనుక పట్టిక తీసేసి, పంటితో మొదలుపెట్టి తిరగరాయి. ఏ పొరకు ఏ శక్తి అంటగట్టినా పక్కనే పిండం వయసు వేయి. పాలగ్రంథి కొమ్మల బొమ్మ నీ చేత్తోనే గీసి జతచేయి, అచ్చుకు ముందు ఒకసారి నాకు చూపించు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి