పోయిన చోట వెతుక్కోవద్దు

ప్రశ్న: డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నాను. పద్నాలుగు నెలలుగా ఆన్‌లైన్‌లో పోకర్ ఆడుతున్నాను. 20 బై-ఇన్‌లతో మొదలుపెట్టి 40కి పెంచాను. గత నెలలో అంతా పోయింది. పరీక్ష ఫీజు కోసం పక్కన పెట్టుకున్న 6 బై-ఇన్‌ల డబ్బు, అక్క దగ్గర తీసుకున్న 8 బై-ఇన్‌ల డబ్బు కూడా పోయాయి. ఒక కోర్సులో చేరడానికని అక్కకు చెప్పాను. చదువు ఆపి పూర్తిగా ఆట మీదే దృష్టి పెడితే ఏడాదిలో మొత్తం రాబట్టగలనన్న నమ్మకం ఉంది. ఎంత పెట్టుబడి ఉంటే మళ్లీ మొదలుపెట్టవచ్చు? ఈ నష్టం ఎలా పూడ్చుకోవాలి? నా లెక్కల పుస్తకం జతచేస్తున్నాను.

జవాబు: మీ ఉత్తరం కంటే మీ లెక్కల పుస్తకమే నాకు ఎక్కువ విషయాలు చెప్పింది. పద్నాలుగు నెలలు ఒక్క రోజు కూడా వదలకుండా రాశారు. ఏ టేబుల్, ఎన్ని హ్యాండ్‌లు (ముక్కలు ఒకసారి పంచి ఆడితే ఒక హ్యాండ్), ఎంత వచ్చింది, ఎంత పోయింది, చివరి గడిలో ఆ రోజు చేసిన పొరపాటు. ‘అలసిపోయినా లేవలేదు’ అని ఒకచోట, ‘కోపంతో కాల్ చేశాను’ (ఎదుటివారి పందేనికి సరిపడా పెట్టాను) అని ఇంకోచోట. ఇంత నిజాయితీగా తన తప్పులు తానే రాసుకునే కుర్రవాళ్లను నేను ఎక్కువగా చూడలేదు. అలా చదువుతూ ఆఖరి నాలుగు రాత్రుల దగ్గరికి వచ్చాను. అంకెలున్నాయి. చివరి గడి మాత్రం నాలుగు వరుసల్లోనూ ఖాళీ.

ముందు ఆ అంకెల సంగతి తేల్చుకుందాం. ఈ శీర్షిక చదివే తల్లిదండ్రుల కోసం ఒక మాట: బై-ఇన్ అంటే ఒక టేబుల్ దగ్గర కూర్చోవడానికి తీసుకునే మొత్తం, సాధారణంగా ఆ టేబుల్ బిగ్ బ్లైండ్‌కు, అంటే ముక్కలు చూడకముందే తప్పనిసరిగా పెట్టే పందేనికి, వంద రెట్లు. మీరు మొత్తం 54 బై-ఇన్‌లు పోగొట్టుకున్నారు. అందులో మీరు మామూలుగా ఆడే టేబుళ్ల మీద మూడు వారాల్లో పోయినవి 12. అది పోకర్‌లో వాతావరణం లాంటిది, మంచి ఆటగాళ్లకూ వస్తుంది, పోతుంది. ఆసుల జంట పట్టుకుని రాజుల జంట చేతిలో రెండుసార్లు ఓడిపోయానని బాధపడుతూ రాశారు. ముక్కలు ముందే తెరిచి చూపించినా ఆసులు గెలిచేది నూటికి 82 సార్లే. మిగిలిన 18 ఎవరికో ఒకరికి తగలాలి కదా, మీకు తగిలాయి. దానికి మీ తప్పు వెతకనక్కరలేదు.

ఆ పన్నెండూ పోయాక మీ చేతిలో ఇంకా 28 ఉన్నాయి. మీ టేబుళ్ల మీద ఆడుకోవడానికి అవి చాలు. కానీ త్వరగా రాబట్టాలని నాలుగు రెట్లు పెద్ద బ్లైండ్‌లున్న టేబుల్‌కు వెళ్లారు. అక్కడ ఆ 28 విలువ ఏడే ఏడు బై-ఇన్‌లు. మిగతా 42 పోయింది ఆ టేబుల్ మీద, ఆ నాలుగు రాత్రుల్లోనే. ఆ టేబుల్ కొలతల్లో చూస్తే 42 అంటే పదిన్నర. అంటే మీకు కింద జరిగిన పాటి దురదృష్టం కూడా పైన జరగలేదు! పన్నెండు పోయినా తట్టుకునే చోటు వదిలి, ఏడు పోతే మునిగిపోయే చోట కూర్చున్నారు. ఈ మొత్తంలో నిజంగా మీ చేతిలో ఉన్న తప్పు అదొక్కటే.

పేకాట దగ్గర తరచుగా వినిపించే మాట ఒకటుంది: పోయిన చోటే వెతుక్కోవాలి. ఉంగరం పోతే నిజమే, పోయిన చోటే పడి ఉంటుంది. పోకర్‌లో పోయిన డబ్బు టేబుల్ కింద పడి ఉండదు. గెలిచినవాడు లేచి వెళ్లిపోతాడు. మర్నాడు ఆ కుర్చీలో ఇంకెవరో ఉంటారు, వారికి మీ 54 సంగతి తెలియదు. పంచే ముక్కలకూ తెలియదు. తెలిసింది మీకొక్కరికే కాబట్టి, ‘రాబట్టడం’ అనే ఆలోచన ఆటకు సంబంధించింది కానే కాదు. అది గాయానికి సంబంధించింది. సమానమైన లాభం ఇచ్చే సంతోషం కంటే నష్టం కలిగించే బాధ ఎక్కువని, నష్టంలో ఉన్న మనిషి మామూలుగా ముట్టుకోని పందేలకు కూడా సిద్ధపడతాడని కానమన్, ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే వివరించారు. మీ పుస్తకంలో ఖాళీ గడులకు అర్థం అదే.

ఇక ఏడాదిలో రాబట్టగలనన్న మీ నమ్మకం. మీరు 40,000 హ్యాండ్‌లు ఆడి 20 బై-ఇన్‌లు గెలిచారు, అంటే వంద హ్యాండ్‌లకు 5 బిగ్ బ్లైండ్‌లు. చాలా మంచి రేటు. అదే రేటు, అదే వేగం, అవే టేబుళ్లు అనుకుంటే 54 బై-ఇన్‌లు తిరిగి రావడానికి 1,08,000 హ్యాండ్‌లు ఆడాలి. మీరు ఆడిన పద్ధతిలో మూడేళ్లకు పైమాటే. చదువు మానేస్తే వేగం పెరగవచ్చు, కానీ ఆ రోజు నుంచి ఇంటి అద్దె, భోజనం ఖర్చు కూడా ఆ ఐదు బ్లైండ్‌ల నుంచే రావాలి.

అసలు చిక్కు ఇంకొకటుంది. ఆ 5 నిజంగా 5 అని ఎలా తెలుసు? పందేనికి పరిమితి లేని నో-లిమిట్ హోల్డెమ్ పోకర్‌లో ప్రతి వంద హ్యాండ్‌లకు ఫలితం అటూ ఇటూ ఊగే కొలత, గణితంలో ప్రామాణిక విచలనం అంటారు, దాదాపు 90 బిగ్ బ్లైండ్‌ల దాకా ఉంటుంది. ఆ లెక్కన 40,000 హ్యాండ్‌ల తర్వాత కూడా మీ అసలు రేటు వందకు 14 దగ్గర ఉండవచ్చు, మైనస్ 4 దగ్గరా ఉండవచ్చు. మీరు గెలిచే ఆటగాడో, పద్నాలుగు నెలలు అదృష్టం కలిసొచ్చిన ఓడే ఆటగాడో ఈ పుస్తకం ఇంకా తేల్చలేదు. కాగితం తీసుకుని మీరే లెక్క కట్టండి, మీకు ఆ చదువు వచ్చు.

ఎంత పెట్టుబడి కావాలన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ఎక్కువ మంది 20 అనో 30 అనో ఒక అంకె అడిగి తీసుకుంటారు. ఆ అంకె మీ గెలుపు రేటును బట్టి మారిపోతుంది. వందకు 5 గెలిచేవాడు 20 బై-ఇన్‌లతో కూర్చుని ఎప్పుడూ కిందికి దిగకుండా ఆడితే, ఎప్పటికైనా మొత్తం పోగొట్టుకునే అవకాశం 8 శాతం పైన. అదే మనిషి వందకు రెండున్నరే గెలిస్తే అది 29 శాతానికి చేరుతుంది. ఆ రెండో మనిషి 50 పెట్టుకుంటే మళ్లీ 5 శాతం లోపుకు దిగుతుంది. ఏడు బై-ఇన్‌లతో పైటేబుల్ మీద కూర్చున్న మీ సంగతి చూద్దాం. అక్కడ కూడా వందకు 5 గెలవగలరని ఒప్పుకున్నా 42 శాతం, ప్రత్యర్థులు గట్టివాళ్లు కాబట్టి రెండున్నర అనుకుంటే 65 శాతం. సగటు లాభం సున్నా అయినవాడికి ఏ అంకె చెప్పినా వృథా, ఎంత పెట్టుకున్నా ఎప్పటికో ఒకప్పటికి పోతుంది. నిర్వాహకులు ప్రతిసారీ పోగైన పందెం సొమ్ము నుంచి తీసుకునే వాటా, అంటే రేక్, పోను మిగిలేదే మీ రేటు అని కూడా గుర్తుంచుకోండి. చిన్న టేబుళ్ల మీద ఆ రేక్ బరువు ఎక్కువ.

అందుకే నేను ఒక అంకె కంటే ఒక దిగుడు మెట్టు చెబుతాను. నగదు ఆటకు, అంటే టోర్నమెంట్ కాని మామూలు టేబుల్ ఆటకు, 50 బై-ఇన్‌లు ఉంటే ఒక స్థాయిలో ఆడండి, 35కు తగ్గిన రోజున మారు మాట్లాడకుండా కింది స్థాయికి దిగండి. టోర్నమెంట్‌లలో ఊపు ఇంకా విపరీతం, అక్కడ వంద ఎంట్రీలు కూడా పలచనే. క్రిస్ ఫెర్గూసన్ 2000లో పోకర్ ప్రపంచ పోటీ అయిన వరల్డ్ సిరీస్ మెయిన్ ఈవెంట్ గెలిచిన మనిషి. ఆ తర్వాత కొన్నేళ్లకు సున్నా నుంచి మొదలుపెట్టి పదివేల డాలర్లు చేస్తానని పందెం వేసుకున్నట్టుగా ఆన్‌లైన్‌లో ఆడి చూపించారు. నగదు ఆటకు తన దగ్గరున్న దానిలో 5 శాతం మించి పెట్టరు, టోర్నమెంట్‌కు 2 శాతం మించరు, టేబుల్ మీద ఉన్నది మొత్తంలో 10 శాతం దాటితే లేచిపోతారు. ఉచిత టోర్నమెంట్‌లలో వచ్చే చిల్లర పోగేసుకుంటూ ఏడాదికి పైగా పట్టింది. ప్రపంచ విజేతకే అంత ఓపిక కావలసి వచ్చింది. దీనికి అవతలి కొసలో స్టూ ఉంగర్ ఉన్నారు. 1980, 1981, 1997లలో మూడుసార్లు అదే మెయిన్ ఈవెంట్ గెలిచారు. 1998లో చనిపోయేనాటికి చేతిలో దాదాపు ఏమీ లేదు. మాదకద్రవ్యాల పాత్ర కూడా ఉంది, నిజమే. కానీ ఆటలో ఆయనకు సాటి ఎవరూ లేరన్నవాళ్లే, డబ్బు నిలబెట్టుకోవడం ఆయనకు చేతకాలేదని కూడా అన్నారు. ఆడటం వేరు, నిలబెట్టుకోవడం వేరు.

ఇప్పుడు మీ నష్టం సంగతి. 54 అనే అంకెను పుస్తకంలోంచి కొట్టేయండి. అందులో 20 ఆటలో వచ్చి ఆటలోనే పోయాయి. మరో 20 మీరు పోతే పోయిందనుకుని పక్కన పెట్టుకున్నవి. నిజంగా తీర్చవలసింది 14: ఫీజు 6, అక్క 8. ఆ పద్నాలుగును ముక్కలతో తీర్చాలని చూడకండి. ట్యూషన్లు, సాయంత్రం ఉద్యోగం, సెలవుల్లో పని, ఏదైనా సరే. రాబడి నెల నెలా ఖాయంగా ఉండాలి, అంతే. ఫీజుకు వాయిదాలు అడగవచ్చేమో కాలేజీ కార్యాలయంలో కనుక్కోండి. బాకీ తీరే దాకా ఆట బంద్. ఖాతాలో స్వీయ నిషేధం పెట్టుకునే సదుపాయం చాలా వేదికల్లో ఉంటుంది, పెట్టుకోండి. మీ మీద మీకు నమ్మకం ఉన్నా సరే, ఆ నాలుగు రాత్రుల్లో కూడా ఆ నమ్మకం ఉండే ఉంటుంది.

కటువుగా ఉన్నా ఇంకొకటి అడగాలి. మానసిక వైద్యులు వాడే నిర్ధారణ పుస్తకంలో 2013 నుంచి జూద వ్యసనాన్ని మద్యం, మత్తుపదార్థాల వ్యసనాల సరసనే పెట్టారు. అందులో తొమ్మిది లక్షణాలు చెప్పి, ఏడాదిలో నాలుగు కనిపిస్తే వ్యసనంగా లెక్కిస్తారు. పోయింది రాబట్టడానికి మళ్లీ వెళ్లడం ఒకటి. ఎంత ఆడుతున్నదీ దాచడానికి అబద్ధం చెప్పడం ఒకటి. ఆట కోసం చదువును, ఉద్యోగాన్ని, దగ్గరివాళ్లను ప్రమాదంలో పెట్టడం ఇంకొకటి. ఈ మూడూ మీ ఉత్తరంలోనే ఉన్నాయి. మానేయాలని చూసి మానలేకపోవడం, ఆపితే చిరాకు, రోజంతా అదే ధ్యాస, ఇవి ఉన్నాయో లేదో మీకే తెలుసు. ఉంటే పైన చెప్పిన 50, 35 లెక్కలన్నీ మీకు వర్తించవు. అప్పుడు వెళ్లవలసింది వైద్యుడి దగ్గరికి, టేబుల్ దగ్గరికి ఎన్నటికీ కాదు. దీనికి చికిత్స ఉంది, చాలామంది బయటపడ్డారు.

లక్షణాలు లేవని వైద్యుడే అన్నాడనుకుందాం, బాకీ తీరింది, డిగ్రీ చేతికొచ్చింది. మీరున్నచోట చట్టం ఈ ఆటను ఒప్పుకుంటుందా, ఆదాయం మీద పన్ను ఎలా పడుతుందో కనుక్కున్నారు. అప్పుడు అట్టడుగు టేబుల్ మీద, కొత్త పుస్తకంతో మొదలుపెడితే నేను అడ్డు చెప్పను. వృత్తిగా తీసుకోవాలంటే మాత్రం నా షరతులు కఠినం: కనీసం లక్ష హ్యాండ్‌ల లెక్క, పెట్టుబడితో సంబంధం లేకుండా విడిగా ఏడాది ఖర్చులు, వెనక్కి రావడానికి ఒక డిగ్రీ. లక్ష ఎందుకంటే, నిజంగా వందకు 5 గెలిచేవాడు కూడా 10,000 హ్యాండ్‌ల తర్వాత నష్టంలో ఉండే అవకాశం 29 శాతం దాకా ఉంటుంది, లక్షకు అది 4 శాతానికి పడిపోతుంది. ఎదురెదురుగా కూర్చుని ఆడే ఆటలో గంటకు 30 హ్యాండ్‌లు జరిగితే గొప్ప, కాబట్టి అక్కడ ఆ లక్షకు మూడు వేల గంటలకు పైగా కావాలి.

వృత్తి సలహాదారుగా నా కళ్లు ఇంకోవైపు పోతున్నాయి. పద్నాలుగు నెలలు రోజూ లెక్క రాసి, సంభావ్యతలు చేత్తో వేసి, తన తప్పుకు తానే పేరు పెట్టగల విద్యార్థికి గణాంక శాస్త్రం, బీమా రంగంలో నష్టాల అవకాశాన్ని లెక్కగట్టే ఆక్చువరీ పని, బ్యాంకుల్లో రిస్క్ విభాగాలు తలుపు తెరిచి ఉంటాయి. సస్క్వెహన్నా అనే ట్రేడింగ్ సంస్థ తన కొత్త ట్రేడర్ల శిక్షణలో పోకర్‌నే వాడుతుంది. ఎంత పందెం కాయాలన్న ప్రశ్నకు 1956లో బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థలో జాన్ కెల్లీ ఇచ్చిన సూత్రాన్ని గణిత ఆచార్యుడు ఎడ్వర్డ్ థార్ప్ బ్లాక్‌జాక్ అనే పేకాట నుంచి స్టాక్ మార్కెట్ దాకా తీసుకెళ్లారు. చివరి సెమిస్టర్‌లో ప్రాజెక్టు ఉంటే మీ 40,000 హ్యాండ్‌లనే అంశంగా తీసుకోండి, గైడ్ ఒప్పుకుంటే. ఆ నాలుగు రాత్రులను అందులోంచి తీసేయకండి.

అక్కకు ఈ వారంలోనే చెప్పండి. ఫోనులో వద్దు, ఎదురుగా కూర్చుని చెప్పండి. కోర్సు అబద్ధమని మొదటి వాక్యంలోనే అనేయండి, ఆసులు, రాజుల కథలోకి వెళ్లకండి. నెలకు ఎంత తిరిగి ఇస్తారో, ఏ తేదీన ఇస్తారో కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఆమె కోప్పడితే కోప్పడనివ్వండి. ఇంటికి వచ్చాక పుస్తకం తెరిచి, ఖాళీగా వదిలిన ఆ నాలుగు గడులూ నింపండి.