మోషన్‌లో రక్తం పడితే మొలలేనా?

ప్రశ్న: నా వయసు 42. లారీ డ్రైవర్‌ని. మూడు నెలలుగా మోషన్‌కు వెళ్తే కోసినట్టు నొప్పి, ఎర్రటి రక్తం. ఆ తర్వాత గంటసేపు మంట. మొలలన్నారు. ఒకరు ఇంజెక్షన్ వేస్తామంటే, ఇంకొకరు లేజర్ చేయించుకోమంటున్నారు. ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, తాడిపత్రి

జవాబు: లోపలి మొలలకు మామూలుగా నొప్పి ఉండదు. అవి పుట్టే చోట నొప్పి తెలిపే నరాలు లేవు. కోసినట్టు నొప్పి, గంటసేపు మంట అంటున్నారు కాబట్టి మీది ఫిషర్ అని నా అనుమానం. గట్టి మలం ఒరుసుకుని మలద్వారం అంచున చర్మం చీరుతుంది. నొప్పికి అక్కడి కండరం బిగుసుకుంటుంది, దాంతో పుండుకు రక్తం సరిగా అందదు. నొప్పికి భయపడి మోషన్ ఆపుకుంటే మలం ఇంకా గట్టిపడుతుంది. దారిలో బండి ఆపాల్సి వస్తుందని నీళ్లే తాగని డ్రైవర్లను కర్నూలులో నా ఓపీలో తరచూ చూస్తుంటాను.

పాతబడిన ఫిషర్ పక్కన చిన్న తోలుముక్క వేలాడుతుంది. చాలామంది దాన్నే మొల అనుకుంటారు. సర్జన్ పిరుదులు కాస్త విడదీసి చూస్తే చాలు, చీరిక కనిపిస్తుంది. ఆ రెండు నిమిషాల పరీక్ష కూడా చేయకుండా లేజర్ రేటు చెప్పేవాళ్లకు దయచేసి డబ్బు కట్టకండి.

ఫిషర్‌కు మొదట కత్తితో పనిలేదు. రాత్రి రెండు చెంచాల ఇసబ్‌గోల్ పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి తాగండి. రాగి సంగటి, జొన్నరొట్టె మానొద్దు. పక్కన ఊరిమిండికి బదులు ఆకుకూర పప్పు వేసుకోండి. మోషన్ అయ్యాక టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోసి 10-15 నిమిషాలు కూర్చోండి. అందులో డెటాల్ వేయొద్దు. పరీక్ష చేసి ఫిషరే అని తేలితే 2 శాతం డిల్టియాజెమ్ ఆయింట్‌మెంట్ రాస్తారు. దాన్ని 6 నుంచి 8 వారాలు వాడాలి. వారానికే నొప్పి తగ్గిందని ఆపేస్తే తిరగబెడుతుంది. అప్పటికీ మానకపోతే కండరాన్ని వదులు చేసే బొటాక్స్ ఇంజెక్షన్, లేదంటే బిగిసిన కండరానికి చిన్న కోత. కోతతో చాలామందికి నయమవుతుంది. కాకపోతే కొద్దిమందికి గ్యాస్ మీద అదుపు తగ్గొచ్చు, ముందే అడిగి తెలుసుకోండి.

ఒకవేళ మొలలే అయినా, తొలి దశల్లో ఆహారం, మందులతోనే చాలామందికి సర్దుకుంటాయి. తగ్గకపోతే ఓపీలోనే రబ్బరు బ్యాండు వేస్తారు. లేజర్ కొందరికి పనికొస్తుంది, అందరికీ కాదు. బయటికి వచ్చి లోపలికి పోనివాటికి ఆపరేషనే మేలు. ఏ మందో చెప్పని ఇంజెక్షన్ మాత్రం వేయించుకోకండి. అలాంటివి వేయించుకుని ద్వారం కుంచించుకుపోయి, చీము పట్టి వచ్చినవాళ్లను చూశాను. బాధగా ఉంటుంది.

ఇంకో మాట. బరువు తగ్గడం, రక్తహీనత, మోషన్ తీరు మారడం, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ ఉండడం - వీటిలో ఏ ఒక్కటున్నా కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేయించాలి. ఏవీ లేకపోయినా, మీ వయసులో మూడు నెలలుగా రక్తం పడుతోందంటే అది అవసరమా అని సర్జన్‌ను అడగండి. అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో సర్జరీ ఓపీ ఉంది. సిగ్గుపడకుండా ఈ వారమే చూపించుకోండి.