ఇడ్ సాఫ్ట్‌వేర్ చరిత్ర రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

వీడియో గేములు చేసే అమెరికా కంపెనీ ఇడ్ సాఫ్ట్‌వేర్ మీద నువ్వు పంపిన తొలి అధ్యాయం చదివాను. వాక్యం చురుగ్గా నడిచింది, సంతోషం. అయితే మొదటి పేజీలోనే ఆ కంపెనీ పెట్టినవాళ్లని గెలిపించేశావు. 'మేధావులు' అన్న మాట, డాలర్ల లెక్కలు అక్కడే వచ్చేస్తే పాఠకుడు పేజీ తిప్పడం దేనికి? ఆ పేజీ తీసెయ్యి.

1990లో, లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్‌లో మొదలుపెట్టు. చందాదారులకు ఫ్లాపీల్లో ప్రోగ్రాములు పంపే సాఫ్ట్‌డిస్క్‌లో జాన్ కార్మాక్, జాన్ రొమేరో, టామ్ హాల్, ఏడ్రియన్ కార్మాక్ ఉద్యోగులు. కార్మాక్‌లు ఇద్దరికీ ఇంటిపేరు ఒకటే గానీ చుట్టరికం లేదు. అది ముందే చెప్పు, లేకపోతే మనవాళ్లు అన్నదమ్ములనుకుంటారు.

అప్పటి చిక్కేమిటో పాఠకుడికి కళ్లకు కట్టాలి. నింటెండో ఆట యంత్రంలో మారియో అనే బొమ్మ పరిగెడితే వెనక దృశ్యం సాఫీగా జరిగేది. పీసీలో కదిలిన ప్రతిసారీ తెరంతా మళ్లీ గీయాలి, అంత వేగం దానికి లేదు. జాన్ కార్మాక్ తెరను చిన్న గళ్లుగా తీసుకుని, మారిన గళ్లను మాత్రమే మళ్లీ గీయించాడు. ఆకాశం పక్కన ఆకాశమే వస్తే ఆ గడి జోలికి పోనక్కర్లేదు. సెప్టెంబర్‌లో ఒక రాత్రి అతనూ హాలూ కూర్చుని మారియో మూడో ఆటలోని మొదటి దశను పీసీ మీద దించేశారు. పొద్దున్నే రొమేరో ఆ ఫ్లాపీ వేసి చూశాడు. ఇక్కడ తొందరపడకు, రెండు పేజీలు పట్టినా పరవాలేదు. కంపెనీ పుట్టింది ఆ పొద్దునే అని నా నమ్మకం.

తమ ఆట పీసీలోకి రావడం నింటెండోకి ఇష్టం లేకపోయింది. దాంతో సొంతంగా కమాండర్ కీన్ అనే ఆట చేశారు. డిసెంబర్‌లో అపోజీ అనే ప్రచురణ సంస్థ దాన్ని షేర్‌వేర్‌గా వదిలింది: మొదటి భాగం ఉచితం, నచ్చితే డబ్బు పంపి మిగతావి తెప్పించుకోవాలి. 1991 ఫిబ్రవరి 1న ఇడ్ మొదలైంది. వాళ్ల ఆట వుల్ఫెన్‌స్టైన్ 3డి 1992 మేలో వచ్చింది, దాన్ని క్లుప్తంగా చెప్పినా చాలు.

ఆ తర్వాతి ఆట డూమ్ దగ్గర మాత్రం ఆగాలి. 1993 డిసెంబర్ 10న విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం సర్వర్‌లో పెట్టారు. కానీ టామ్ హాల్ అంతకు నాలుగు నెలల ముందే బయటికి వెళ్లాడు. అతను కథతో నిండిన ఆట కోరాడు, మిగతావాళ్లకి వేగం కావాలి. నువ్వు అతణ్ణి ఒక్క వాక్యంలో సాగనంపావు, నాకు బాధేసింది. కీన్‌ని ఊహించినవాడు అతనే కదా! 1996లో క్వేక్ అనే ఆట వచ్చాక రొమేరో కూడా వెళ్లిపోయాడు. ఎవరిది తప్పో తేల్చే పని పెట్టుకోకు. ఒక్కొక్కరికి ఏం కావాలో రాయి.

2009లో జెనీమాక్స్ అనే కంపెనీ ఇడ్‌ను కొనడం ఒక పేరాలో సరిపెట్టు. 1997 డిసెంబర్‌లో డూమ్ సోర్స్ కోడ్‌ను, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు ప్రోగ్రామును, అందరికీ ఇచ్చేశారే, దానికి మాత్రం విడిగా అధ్యాయం కావాలి. మొదట లాభానికి వాడొద్దని షరతు ఉండేది, 1999లో ఎవరైనా వాడుకుని, మార్చి, పంచుకోనిచ్చే జీపీఎల్ అనే లైసెన్సు కిందికి తెచ్చారు. ఇవాళ డూమ్ ఎన్నో రకాల యంత్రాల మీద ఆడుతోందంటే అందుకే. ఆ కోడ్ తీసి కొంతైనా చదువు, అర్థంకానిచోట ప్రోగ్రామింగ్ తెలిసినవాళ్లని అడుగు. ఆ అధ్యాయమే ముందు రాసి పంపు.

ఆశీస్సులతో,
అన్నయ్య