‘బిల్లా’ మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

రజనీకాంత్ తమిళ ‘బిల్లా’ని దాని మూలమైన హిందీ ‘డాన్’తో పోలుస్తూ నువ్వు రాసిన వ్యాసం చదివాను. సగానికి పైగా ‘డాన్‌లో ఇలా ఉంది, బిల్లాలోనూ అలాగే ఉంది’ అన్న వాక్యాలే. రీమేకులో పోలికలు లేకపోతే కదా వింత! అవి కొట్టేయ్.

ముందు వరస సరిచెయ్యి. చంద్ర బారోట్ అమితాబ్‌తో తీసిన ‘డాన్’ 1978. మన ఎన్టీఆర్ ‘యుగంధర్’ 1979, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వం, ఇళయరాజా సంగీతం. రజనీకాంత్ ‘బిల్లా’ వచ్చింది 1980 జనవరి 26న. అంటే ఎన్టీఆర్ సినిమా బిల్లాకి రీమేక్ అని నువ్వు రాసింది తప్పు. ప్రభాస్ ‘బిల్లా’ (2009) వేరే దారి, అది అజిత్ 2007 సినిమా నుంచి వచ్చింది. ఇక్కడే తడబడితే ఆ తర్వాత నువ్వెంత బాగా రాసినా పాఠకుడు నమ్మడు.

ఇప్పుడు పని. ఒక కాగితం మీద నాలుగు గడులు గీసుకో: పోలీసు అధికారి, బిల్లా పోలికలున్న అమాయకుడు రాజప్ప, పగతో ముఠాలో చేరిన అమ్మాయి, ముఠా. సీను మారినప్పుడల్లా ఆ క్షణానికి ఎవరికి ఏం తెలుసో రాసుకో. డాన్ రచయితలు సలీం-జావేద్ కథకి ఇంజను ఇదే. చనిపోయిన దొంగ స్థానంలో వచ్చింది ఇంకొకడని తెలిసిన అధికారి ఒక్కడే, అతను కాస్తా చనిపోతాడు. ఇక రాజప్పని అటు పోలీసులూ నమ్మరు, ఇటు ముఠా కూడా వదలదు. ముఠా గుట్టు ఉన్న డైరీ ఎవరి చేతిలో ఉందో కూడా పక్కనే గుర్తుపెట్టుకో. డాన్‌కీ బిల్లాకీ విడివిడిగా ఈ పట్టిక వేస్తే దర్శకుడు ఆర్. కృష్ణమూర్తి ఆ బిగింపును దాదాపు ముట్టుకోలేదని తెలుస్తుంది. అది బద్ధకం కాదు, తెలివి. నిర్మాత కె. బాలాజీకి హిందీ కథల్లో ఏది కదిలించకూడదో బాగా తెలుసు. ఆ అధికారి వేషం కూడా ఆయనే వేశాడు. మరుసటి ఏడాదే హిందీ ‘దీవార్’ని తమిళంలో ‘తీ’గా తీసింది ఈ దర్శక నిర్మాతల జంటే.

మారింది నటుడి బరువు. నీ వ్యాసానికి అసలు విషయం ఇక్కడుంది, నువ్వేమో రెండు వాక్యాల్లో దాటేశావు. అమితాబ్ అప్పటికే పెద్ద హీరో, ఆయనలో చెడ్డవాడైన డాన్‌ని చూడటం కొత్త. ఎన్టీఆర్‌కి అప్పుడు 56 ఏళ్లు. 1964 ‘రాముడు భీముడు’ నాటి నుంచీ ఆయన ద్విపాత్రలు మనవాళ్లకి అలవాటే. రజనీ సంగతి తిరగబడింది. ‘పదినారు వయదినిలే’ లాంటి సినిమాల్లో చెడ్డవాడిగా పేరు తెచ్చుకున్న 29 ఏళ్ల కుర్రాడు. అతనికి బిల్లా చేతిలో పని, పరీక్షంతా అమాయకపు రాజప్పే. కాబట్టి రాజప్ప సీన్లే మళ్లీ మళ్లీ చూడు. ఒకసారి శబ్దం ఆపేసి చూడు: నడక, భుజాలు, కళ్లు ఎక్కడ తేడా తెస్తున్నాయో అప్పుడు పట్టుబడుతుంది. ‘నటన అద్భుతం’ అన్న మాట అవసరమే రాదు.

తర్వాత పాట. డాన్‌లోని ‘ఖయికే పాన్’ మొదట స్క్రిప్టులో లేదు. రెండో సగం మరీ బిగుసుకుపోయిందని మనోజ్ కుమార్ సలహా మీద చేర్చారు. హిందీలో దానికి బనారస్ అనే ఊరు అండ. తమిళంలో ఆ ఊరు లేదు. మలేషియా వాసుదేవన్ పాడిన ‘వెత్తలయ పోట్టేండి’లో ఆ లోటుని గొంతు ఎంతవరకు పూడ్చిందో నువ్వు తేల్చి చెప్పాలి. పూర్తిగా పూడలేదని నా లెక్క. కాదంటావా, వాదించు.

డాన్‌లో ప్రాణ్ వేసిన వేషాన్ని తమిళంలో తేంగాయ్ శ్రీనివాసన్‌కి ఇవ్వడం గురించి ఒక పేరా చాలు.

చివరిగా, టీవీ ప్రింట్లలోనూ ఆన్‌లైన్ ప్రింట్లలోనూ పాటలూ ఫైట్లూ కోసేసి ఉంటాయి. నిడివి పోల్చే ముందు నువ్వు చూసిన ప్రింటు ఎన్ని నిమిషాలో రాసుకో. సీను లేదనిపిస్తే దర్శకుడు తీసేశాడని వెంటనే రాయకు, ఇంకో ప్రింటు చూడు. పేర్లు టైటిల్ కార్డుల నుంచే ఎత్తు. పట్టిక పూర్తయ్యాక వ్యాసంతో పాటు దాన్నీ పంపించు.